కడుపుతో ఉన్నప్పుడు స్కానింగ్: ఎప్పుడు వెళ్లాలి, ఏమి అడగాలి, రిపోర్టు ఎలా చదవాలి

ఖమ్మంలో గర్భిణులకు స్కానింగ్ చేసే వైద్యురాలిని నేను. నా దగ్గరికి వచ్చేవాళ్ల చేతిలో డాక్టరు రాసిన చీటీ ఉంటుంది గాని, ఆ స్కాన్ ఎందుకు రాశారో చాలామందికి తెలియదు. "చేయించుకోమన్నారు, వచ్చాం" అంటారు. వెంట వచ్చిన పెద్దవాళ్ల మనసులో మాత్రం తరచుగా ఒక ప్రశ్న ఉంటుంది. దానికి నేను జవాబు చెప్పను, చెప్పకూడదు. నేను చెప్పగలిగినవి, మీరు తప్పకుండా తెలుసుకోవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. వాటిని అడిగేవాళ్లే తక్కువ. ఒక్కో స్కాన్ ఒక్కో సందేహం తీర్చడానికి పెట్టినది. ఏ సందేహం కోసం వెళ్తున్నారో తెలుసుకుని వెళ్తే ఖర్చుపెట్టిన డబ్బుకూ సమయానికీ ఫలితం ఉంటుంది.

ముందు రేడియేషన్ భయం

"ఇన్నిసార్లు స్కానింగ్ చేస్తే బిడ్డకు రేడియేషన్ తగలదా?" అని అడగని కుటుంబం లేదు. తగలదు. ఇందులో ఉన్నది శబ్దం. మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాల దాకా వినిపిస్తుంది. పొట్ట మీద పెట్టే ప్రోబు సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాలున్న శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ఎముక, కండ, నీరు ఆ శబ్దాన్ని వేర్వేరుగా తిప్పి పంపుతాయి. ఆ తేడాలే తెర మీద బొమ్మగా కనిపిస్తాయి. మధ్యలో గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు, అందుకే చల్లగా తగిలే ఆ జెల్ రాస్తాం.

భయపడటానికి ఒకప్పుడు కారణం ఉండేది. కవలలున్నారా, బిడ్డ అడ్డం తిరిగిందా అని చూడటానికి గర్భిణులకు నిజంగానే ఎక్స్-రే తీసేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టువర్ట్ అనే వైద్యురాలు క్యాన్సర్‌తో చనిపోయిన పిల్లల తల్లుల నుంచి వివరాలు సేకరించి, కడుపులో ఉండగా ఎక్స్-రే తగిలిన పిల్లల్లో ఆ జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని 1956లో ప్రకటించారు. వైద్యలోకం ఆమె మాట ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

అదే రోజుల్లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్య ఆచార్యుడు మరో దారి వెతుకుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో పనిచేసిన ఆయనకు రాడార్, సోనార్ సంగతులు తెలుసు. ఆయన వైద్యం చేసిన ఒక స్త్రీ భర్త రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ల కంపెనీలో డైరెక్టరు. ఉక్కు అతుకుల్లో కంటికి కనపడని పగుళ్లను శబ్దంతో పట్టే యంత్రం అక్కడ ఉంది. 1955 జూలైలో డొనాల్డ్ ఆపరేషన్లలో తీసిన గడ్డలను రెండు కార్లలో నింపుకుని ఆ ఫ్యాక్టరీకి వెళ్లారు. పోల్చి చూడటానికి ఫ్యాక్టరీవాళ్లు ఒక పెద్ద మాంసం ముద్ద సిద్ధంగా ఉంచారు. నీటితిత్తి ప్రతిధ్వని ఒకలా, గట్టి గడ్డ ప్రతిధ్వని మరోలా వచ్చింది. మనిషి శరీరంలోనూ ఈ తేడా పట్టవచ్చని ఆయనకు నమ్మకం కలిగింది.

తర్వాత కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీలో పనిచేసే టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు ఆయనతో కలిసి, పొట్ట మీద జరుపుతూ బొమ్మ గీయగల యంత్రం తయారుచేశారు. అప్పట్లో జెల్ లేదు, ఆలివ్ నూనె రాసేవారు. డొనాల్డ్, బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్ కలిసి రాసిన వ్యాసం 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఈ చరిత్రలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఘట్టం అంతకు కొంచెం ముందుది. కడుపు ఉబ్బిపోయి, జీర్ణాశయ క్యాన్సర్ ముదిరిందని, ఇక చేయగలిగింది లేదని అనుకున్న ఒక స్త్రీని డొనాల్డ్ బృందం ఈ యంత్రంతో చూసింది. లోపల ఉన్నది అండాశయానికి పుట్టిన పెద్ద నీటితిత్తి. ఆపరేషన్ చేసి తీసేశారు. ఆమె బతికింది. స్త్రీ ప్రాణం కాపాడటానికి వచ్చిన యంత్రం ఇది. దీన్ని మన దేశంలో తర్వాత దేనికి వాడారో చెప్పేటప్పుడు ఆమెను మరిచిపోకండి.

స్కానింగ్ వల్ల బిడ్డకు హాని జరుగుతుందని ఇన్ని దశాబ్దాల్లో రుజువు కాలేదు. అలాగని అవసరం లేకుండా చేయించుకోవడం మంచిది కాదు. శబ్దంలోనూ శక్తి ఉంటుంది, అది కొద్దిగా వేడి పుట్టిస్తుంది. అందుకే కావలసినంత సేపే, తక్కువ శక్తితోనే చూడాలన్నది మా వృత్తి నియమం. మొదటి మూడు నెలల్లో గుండె చప్పుడు వినిపించమని, ఆ చప్పుడును ఫోనులో రికార్డు చేసుకుంటామని అడిగితే నేను ఒప్పుకోను. తెర మీద గుండె కదలిక చూపిస్తాను. మొదట్లో అది సరిపోతుంది.

వెళ్లే రోజు

పాత రిపోర్టులన్నీ, మాతా శిశు సంరక్షణ కార్డు, డాక్టరు చీటీ, గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. పైభాగం, కింది భాగం విడిగా ఉండే దుస్తులు వేసుకుంటే సౌకర్యం. టిఫిన్ మానకండి. పరగడుపున ఉండాలన్న నియమం గర్భిణుల స్కానింగుకు లేదు. పొద్దుట్నుంచీ ఏమీ తినక వరుసలో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

మూత్రం నిండుగా ఉండాలా వద్దా అన్నది స్కాన్‌ను బట్టి మారుతుంది. నిండిన మూత్రాశయం పేగులను పక్కకు నెట్టి, శబ్దం గర్భసంచి దాకా పోవడానికి దారి ఇస్తుందని 1963లో కనిపెట్టింది కూడా డొనాల్డే. తొలి వారాల్లో పొట్ట మీద నుంచి చూసే స్కాన్‌కు ఒక మోస్తరుగా నిండి ఉంటే చాలు. అరగంట ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగండి, నొప్పి పుట్టేదాకా బిగబట్టుకోవద్దు. యోని ద్వారా చేసే స్కాన్‌కు మూత్రం ఖాళీ చేసి రావాలి. ఆ స్కాన్ పేరు వింటేనే చాలామంది వణికిపోతారు. దానివల్ల గర్భం పోదు, రక్తస్రావం మొదలవదు. మొదటి వారాల్లో బొమ్మ బాగా స్పష్టంగా వచ్చేది దానిలోనే. స్కాన్ చేసేది మగ డాక్టరైతే గదిలో ఒక స్త్రీ ఉండాలని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.

ఫారం-ఎఫ్ మీద సంతకం చేసే ముందు

స్కానింగ్ కేంద్రంలో అడుగుపెట్టగానే ఒక బోర్డు కనిపిస్తుంది: ఇక్కడ పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పబడదు, అది చట్టరీత్యా నేరం అని. ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఆ బోర్డు ఉండి తీరాలి. తర్వాత మీ చేతికి ఒక ఫారం ఇస్తారు, దాన్ని ఫారం-ఎఫ్ అంటారు. పేరు, వయసు, భర్త లేదా తండ్రి పేరు, చిరునామా, ఇప్పటికే ఉన్న కొడుకులెందరు, కూతుళ్లెందరు, వాళ్ల వయసులు, ఎవరు పంపారు, ఏ కారణంతో స్కాన్ చేస్తున్నారు, ఇవన్నీ అందులో ఉంటాయి. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని కోరుకోవడం లేదని మీరు సంతకం చేస్తారు. చూడలేదని, ఎవరికీ ఏ రూపంలోనూ చెప్పలేదని నేను సంతకం చేస్తాను.

"ఇదంతా ఎందుకమ్మా, స్కాన్‌కు వచ్చాం గాని" అని విసుక్కునేవాళ్లు ఉంటారు. కాబట్టి దీని వెనుక ఉన్న కథ చెప్పాలి. 1970ల్లో బిడ్డలో జన్యు లోపాలు పట్టడానికి ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష మన దేశానికి వచ్చింది. అది కొద్ది కాలంలోనే ఆడపిల్లలను ఏరి పారేసే పరీక్షగా మారింది. ఇప్పుడు కొన్ని వందలు ఖర్చు పెడితే రేపు కట్నానికి పోయే లక్షలు మిగులుతాయనే అర్థం వచ్చే ప్రకటనలను కొన్ని నగరాల్లో బహిరంగంగానే వేశారు. మహిళా సంఘాల పోరాటంతో మహారాష్ట్ర 1988లో మొదటి చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించే చట్టం 1994లో వచ్చి, 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈలోగా స్కానింగ్ యంత్రాలు చిన్నవయ్యాయి, చవకయ్యాయి, తాలూకా పట్టణాల దాకా పాకాయి. సూది అక్కర్లేదు, నొప్పి లేదు, నిమిషాల్లో పని అయిపోతుంది. చట్టం కాగితం మీదే ఉందని సెహత్, మాసుమ్ అనే సంస్థలు, ఉద్యమకారుడు డాక్టర్ సాబు జార్జ్ 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు ప్రభుత్వాలను పదేపదే నిలదీసింది. 2003లో చట్టాన్ని సవరించి బిగించారు.

జనాభా లెక్కల్లో ఆరేళ్ల లోపు పిల్లల వరుస చూడండి. దేశంలో వెయ్యి మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుంటే, 2001లో 927, 2011లో 919. పంజాబులో 2001లో 798 మందే. ఇది ఉత్తరాది జబ్బని, మనకు అంటలేదని తెలుగువాళ్లం చాలాకాలం అనుకున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో 975 ఉన్నది 2001కి 961 అయింది, 2011కి 939కి దిగింది. మన అంకె పెద్దదే, కానీ రెండో దశాబ్దంలో పడిన తీరు చూస్తే నాకు భయం వేస్తుంది. ఆ పదేళ్లలోనే మన పట్టణాల్లో వీధికొక స్కానింగ్ కేంద్రం వెలిసింది.

హైదరాబాద్‌లో 2004-05 ప్రాంతంలో అప్పటి జిల్లా కలెక్టరు చేయించిన పని అందరికీ తెలియాలి. స్కానింగ్ గదుల తలుపుల వెనుక ఏం జరిగిందో పట్టుకోవడం కష్టం. అందుకని ఆయన నగరంలోని కేంద్రాలు నింపిన ఫారం-ఎఫ్‌లన్నీ తెప్పించి వరుసగా తనిఖీ చేయించారు. కారణం రాయనివి, సంతకాలు లేనివి, సగం ఖాళీగా ఉన్నవి బయటపడ్డాయి. రికార్డులు సరిగా లేని చాలా కేంద్రాలకు తాళం పడింది. మీరు నింపే కాగితానికి అంత బలం ఉంది.

కాబట్టి ఫారం ఖాళీగా ఉండగా సంతకం పెట్టకండి. వివరాలన్నీ రాశాక, స్కాన్ కారణం దగ్గర ఏం రాశారో చదివి పెట్టండి. కూతుళ్ల సంఖ్య దాచకండి. మాటతో గాని, సైగతో గాని, మరే విధంగా గాని లింగం చెప్పడం నేరం. చెప్పిన వైద్యులకు మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది, వైద్య మండలి రిజిస్టరు నుంచి పేరు కూడా పోతుంది. చెప్పించుకోవడానికి తెచ్చినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా జరిమానా.

ఇంట్లో ఒత్తిడి ఉన్న అమ్మాయిలకు ఒక మాట. భర్తో, బంధువులో బలవంతం చేసి పరీక్షకు తెచ్చారనే చట్టం మొదట భావిస్తుంది. కాదని వాళ్లే రుజువు చేసుకోవాలి. అంటే ఈ చట్టం మిమ్మల్ని శిక్షించడానికి రాసినది కాదు. స్కాన్ బల్ల మీద మీరు ఒంటరిగా ఉండే కొద్ది నిమిషాల్లో డాక్టరుకు చెప్పండి, ఏఎన్‌ఎంకు చెప్పండి. ఎక్కడైనా లింగం చెబుతున్నారని తెలిస్తే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. పదిహేను రోజుల నోటీసు ఇచ్చాక నేరుగా కోర్టుకూ వెళ్లవచ్చు.

రిపోర్టులో రహస్య సంకేతాలు వెతకడం కూడా మానండి. గుండె వేగం 140 దాటితే ఆడపిల్ల అని, మాయ కుడివైపు ఉంటే మగపిల్లవాడని చెప్పే లెక్కలన్నీ అబద్ధాలు. ఆ లెక్క నమ్మి నెలల తరబడి ఏడ్చినవాళ్లున్నారు.

మొదటి స్కాన్: తేదీ తేల్చేది

నెల తప్పిన సంగతి మూడో నెల నిండేదాకా బయట చెప్పకూడదన్న పద్ధతి చాలా ఇళ్లలో ఉంది. చుట్టాలకు చెప్పకపోయినా ఫరవాలేదు గాని, డాక్టరుకు వెంటనే చెప్పండి. ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య చేసే స్కాన్ నాలుగు సంగతులు తేలుస్తుంది: గర్భం సంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా, గుండె కొట్టుకుంటోందా, ఒకరా, ఇద్దరా, ఎన్ని వారాలు. ట్యూబులో ఉన్న గర్భం పగిలితే తల్లి ప్రాణానికే ముప్పు. కవలలైతే ఇద్దరికీ మాయ ఒకటేనా, వేర్వేరా అన్నది ఈ తొలి నెలల్లోనే తేలికగా తెలుస్తుంది, తర్వాత కష్టం.

వారాల లెక్క చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి మొదలవుతుంది. "దీపావళికి రెండు రోజుల ముందు", "మా మరిది పెళ్లి అయిన వారానికి" అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదీ మంచిదే, క్యాలెండర్ తీసి తేదీ పట్టుకోవచ్చు. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. జనవరి 10 అయితే అక్టోబరు 17. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. అయితే ఇది 28 రోజులకొకసారి నెలసరి వచ్చేవాళ్ల లెక్క. 35 రోజులకొకసారి వచ్చేవాళ్లకు కాన్పు తేదీ సుమారు వారం ఆలస్యంగా వస్తుంది. అసలు తేదీయే గుర్తులేకపోతే ఈ స్కానే దిక్కు.

బిడ్డను తల నుంచి పిరుదుల దాకా కొలిచి వయసు చెప్పే పద్ధతిని 1973లో గ్లాస్గోలోనే హ్యూ రాబిన్సన్ స్థిరపరిచారు. రిపోర్టులో సీఆర్‌ఎల్ అని ఉండేది ఆ కొలతే. ఎనిమిది వారాలకు సుమారు 16 మిల్లీమీటర్లు, పన్నెండు వారాలకు 54 చుట్టుపక్కల ఉంటుంది. ఆ వయసులో తల్లి బలంగా ఉన్నా బక్కగా ఉన్నా పిల్లలందరూ దాదాపు ఒకే కొలతలో పెరుగుతారు. కాబట్టి ఈ స్కాన్ చెప్పే తేదీలో తేడా ఐదు నుంచి ఏడు రోజులకు మించదు. చివరి మూడు నెలల్లో చెప్పే తేదీ మూడు వారాల దాకా అటూ ఇటూ కావచ్చు. పదేళ్ల పిల్లవాడి ఎత్తు చూసి పుట్టినరోజు చెప్పలేం కదా, అలాంటిదే అది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఈ మొత్తం వ్యాసంలో ముఖ్యమైనది. మీ మూడు రిపోర్టుల్లో కాన్పు తేదీ మూడు రకాలుగా ఉంటుంది: మొదటిదానిలో అక్టోబరు 17, ఏడో నెలలో అక్టోబరు 24, ఎనిమిదో నెలలో అక్టోబరు 31 అని. "తేదీ మారిందండీ, ఇంకా టైముంది" అని ఇంట్లో అనుకుంటారు. తేదీ మారలేదు. ఆ రోజు కొలతలు ఏ వయసు బిడ్డకు సరిపోతాయో చూసి యంత్రం తనంతట తాను ఒక తేదీ అచ్చువేస్తుంది. మొదటి స్కాన్ ప్రకారం 34 వారాలు నిండి ఉండి, ఈరోజు కొలతలు 32 వారాలకే సరిపోతే, బిడ్డ రెండు వారాలు వెనకబడి ఉందని అర్థం. మాయ నుంచి రక్తం సరిగా అందుతోందో లేదో చూడాలి. తేదీ మారిందని సరిపెట్టుకుంటే ఎదగని బిడ్డను ఎవరూ గమనించరు. అందుకే ప్రతి స్కాన్ చివర ఇలా అడగండి: "మొదటి స్కాన్ తేదీ ప్రకారం చూస్తే బిడ్డ ఎదుగుదల సరిపోయిందా?" ఆ మొదటి రిపోర్టు ఇంట్లో మరిచిపోతే ఈ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు.

ఎన్‌టీ స్కాన్, టిఫా స్కాన్

11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు ఎన్‌టీ స్కాన్ చేస్తారు. బిడ్డ మెడ వెనుక చర్మం కింద ఉండే నీటి పొర మందం కొలుస్తారు. అది ఎక్కువగా ఉంటే డౌన్ సిండ్రోమ్ వంటి జన్యు లోపాలు ఉండే అవకాశం పెరుగుతుందని లండన్‌లో కిప్రోస్ నికొలైడిస్ బృందం 1992లో చూపింది. దీనితోపాటు డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేస్తారు. ఫలితం "1:1200" అన్నట్టు వస్తుంది. ఇలాంటి 1200 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు ఆ లోపం ఉండవచ్చని దాని అర్థం. "హై రిస్క్" అని వచ్చినా బిడ్డకు జబ్బు ఉన్నట్టు కాదు, మరో పరీక్ష చేసి తేల్చుకోవాలని.

టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. నన్నడిగితే 19, 20 వారాల్లో రండి. ఇందులో బిడ్డను తల నుంచి కాలి దాకా ఒక్కో అవయవం చూస్తాం: మెదడు, ముఖం, వెన్నెముక, గుండె నాలుగు గదులు, పొట్ట, మూత్రపిండాలు, చేతులు, కాళ్లు. అరగంటకు పైనే పడుతుంది. బిడ్డ బోర్లా పడుకుని ఉంటే బయట కాసేపు నడిచి రమ్మంటాం, కంగారు పడకండి. పది నిమిషాల్లో ముగించి పంపేస్తే మాత్రం "గుండె, వెన్నెముక, ముఖం పూర్తిగా కనిపించాయా, లేకపోతే మళ్లీ రావాలా?" అని అడగండి.

కడుపులో ఉండగానే లోపం పట్టి చెప్పడం ఎంత పెద్ద మార్పో ఊహించండి. పుర్రె పైభాగం ఏర్పడని బిడ్డను 17 వారాలకే స్కానింగులో గుర్తించినట్టు స్టువర్ట్ క్యాంప్‌బెల్ బృందం 1972లో ప్రకటించింది. అంతకుముందు అలాంటి సంగతి తల్లికి పురిటి గదిలోనే తెలిసేది.

తేదీ ఎందుకు పట్టి చెబుతున్నానంటే, చట్టానికీ గడువుంది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావానికి వీలుంది. ఆ తర్వాత బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు అనుమతి కావాలి. టిఫాకు ఆరో నెలలో వస్తే, ఏదైనా కనిపించినప్పుడు రెండో అభిప్రాయం తీసుకోవడానికి, ఇంట్లో కూర్చుని ఆలోచించుకోవడానికి రోజులు మిగలవు. ఆషాఢం పోనీ, అమావాస్య దాటనీ అంటూ వాయిదా వేయకండి.

టిఫా బాగుందంటే అన్నీ బాగున్నాయని కాదు. వినికిడి, చూపు, ఆటిజం, గుండెలో సన్నటి రంధ్రాలు ఇందులో తెలియవు. కనిపించినవన్నీ భయపడవలసినవీ కావు. పెదవి చీలికనే తీసుకోండి. గ్రహణం నాడు బయట తిరిగిందనో, కత్తి పట్టుకుందనో తల్లిని తిట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. పుట్టిన కొన్ని నెలలకే ఆపరేషన్‌తో సరిచేస్తారు. ముందే తెలిస్తే పాలు పట్టే పద్ధతి నేర్చుకుని సిద్ధంగా ఉండవచ్చు. ఆ తల్లికి అప్పుడు కావలసింది ధైర్యం చెప్పే మనిషి. భర్తలు టిఫాకు తప్పకుండా రండి.

ప్రైవేటులో చేయించుకోలేమని మానేయవద్దు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2022 నుంచి టిఫా యంత్రాలు కూడా పెట్టారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. 24 వారాల లోపు ప్రతి గర్భిణికీ కనీసం ఒక స్కాన్ జరగాలన్నది 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సిఫారసు.

చివరి నెలల రిపోర్టు

ఇక్కడ అక్షరాలు ఎక్కువ. బీపీడీ అంటే తల అడ్డకొలత, హెచ్‌సీ తల చుట్టుకొలత, ఏసీ పొట్ట చుట్టుకొలత, ఎఫ్‌ఎల్ తొడ ఎముక పొడవు. వీటన్నింటినీ కలిపి యంత్రం బరువు అంచనా కడుతుంది. అంచనాలో వందకు పదీ పదిహేను తేడా మామూలే. మూడు కిలోలని రాస్తే రెండున్నర పైనుంచి మూడున్నర లోపు ఏదైనా కావచ్చు, అందులోనూ మధ్యలో ఉండే అవకాశమే ఎక్కువ. గుండె వేగం నిమిషానికి 110 నుంచి 160. ఉమ్మనీటి కొలత ఏఎఫ్‌ఐ సాధారణంగా 5 నుంచి 25 సెంటీమీటర్లు. 9 ఉంటే "నీరు తక్కువ" అని ఎవరైనా కంగారు పెడితే ఆ అంకె చూపించి అడగండి. మాయ కిందికి ఉందని ఐదో నెలలో రాస్తే బెంగపడవద్దు. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి అది పైకి జరుగుతుంది. 32 వారాల తర్వాత మళ్లీ చూపించుకోవాలి.

"పేగు మెడకు చుట్టుకుంది" అన్న మాట మన ఊళ్లలో ఎన్ని ఆపరేషన్లకు కారణమైందో లెక్కలేదు. బొడ్డుతాడు మెడ చుట్టూ ఉండటం ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో కనిపించేదే. బిడ్డ తిరుగుతుంటుంది, తాడు చుట్టుకుంటుంది, విడిపోతుంది. అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. నొప్పుల సమయంలో గుండె వేగం తగ్గుతోందా అన్నది అసలు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్‌లు. దేశ సగటు 21.5. స్కానింగ్ రిపోర్టులోని ఒక వాక్యం ఇందులో ఎన్నిసార్లు సాకుగా మారిందో నా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆపరేషన్ తప్పనిసరైన తల్లులూ ఉన్నారు, వాళ్లకు అది ప్రాణదానమే. కాబట్టి భయంతో ఒప్పుకోకండి, మొండిగా కాదనకండి. "కారణం ఇదొక్కటేనా, ఇంకేమైనా ఉందా?" అని అడగండి.

ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టించుకునేవాళ్లు ఒక్క లెక్క చూడాలి. మొదటి స్కాన్ తేదీ ప్రకారం 39 వారాలు నిండాయా? నిండకుండా తీస్తే బిడ్డ ఊపిరికి ఇబ్బంది పడి ఇంక్యుబేటర్‌లోకి వెళ్లే ప్రమాదం పెరుగుతుంది. పంతులుగారికి తేదీల పరిధి ముందు మీరు చెప్పండి, ఆయన అందులో మంచి ఘడియ చూస్తారు.

ఫైలు దాచడం

స్కానింగ్ బొమ్మలు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా మారిపోతుంది. ఎండ తగిలే చోట పెట్టినా కొన్నాళ్లకు వెలిసిపోతాయి. ఇంటికి రాగానే ఫోనుతో ఫొటో తీసి భర్తకూ అమ్మకూ పంపండి, రిపోర్టుకు జిరాక్స్ తీయించండి. పుట్టింటికి వెళ్లేటప్పుడు ఫైలు వెంట తీసుకెళ్లండి. ఎనిమిదో నెలలో ఊరు మారి, పాత కాగితాలు అత్తవారింట్లో ఉండిపోయి, కొత్త డాక్టరు చివరి స్కాన్ తేదీనే నమ్ముకోవలసి రావడం నేను తరచూ చూసే ఇబ్బంది.

కాన్పు అయ్యాక కూడా ఫైలు పారేయకండి. మొదటిది సిజేరియన్ అయితే రెండో గర్భంలో తొలి స్కాన్ ఆరు, ఏడు వారాలకే చేయించుకోవాలి. గర్భం పాత కుట్టు దగ్గర అతుక్కుందేమో చూడాలి. తర్వాత ఐదో నెలలో మాయ ఆ కుట్టు మీదికి వచ్చిందా అని మళ్లీ చూడాలి. అలా వచ్చి లోపలికి పాతుకుపోతే కాన్పు సమయంలో విపరీతంగా రక్తం పోతుంది. ముందే తెలిస్తే రక్తనిధి, నిపుణులు ఉన్న పెద్ద ఆస్పత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసుకోవచ్చు. అందుకని బల్ల మీద పడుకునే ముందే, అడిగినా అడగకపోయినా, "నాకు మొదటిది ఆపరేషన్, కుట్టు చోటు చూడండి" అని చెప్పి పాత డిశ్చార్జి కాగితం చేతికివ్వండి.